పొద్దున ఏం తిన్నరు?

గూడూరు మండలం,
మన బడి వరండా నుంచి

చిరంజీవి జితేందర్ సారుకు, బడి కమిటీ చైర్మన్ చంద్రయ్య ఆశీర్వదించి రాయునది.

నువ్వు మా సైన్సు క్లాసు వదిలి హైదరాబాదులో వీడియో పాఠాల కంపెనీకి పోయిననాడు బడి బడంతా ఏడ్చింది. ఇప్పుడు ఆ బాధ లేదు. బడికి పెద్ద టీవీ వచ్చింది. అందులో రోజూ నువ్వే వస్తున్నావు. నేనే కొబ్బరికాయ కొట్టి టీవీకి దండ వేశాను. ఇక్కడ ఉన్నప్పటిలాగే "పొద్దున ఏం తిన్నరు?" అని అడుగుతున్నావు, కాసేపు ఆగుతున్నావు, "భలే, అండ్లనే సైన్సు ఉన్నది" అంటున్నావు. గటక అన్నా సద్దన్నం అన్నా అందులోంచే పాఠం తీసేవాడివి కదా, పిల్లలు పోటీపడి చెప్తున్నారు.

ఒక్కటే ఫిర్యాదు. నువ్వు ఎడమవైపు బెంచీల దిక్కు చూడటం లేదు. అక్కడి పిల్లల్ని కుడివైపుకు జరిపాం. ఇరుకై కొట్టుకుంటున్నారు.

అక్కడ ఏం తింటున్నావో రాయి.

ఇట్లు,
చంద్రయ్య, మాజీ సర్పంచి

తా.క. నిన్న అటెండర్ మాన్‌సింగ్ నిన్ను అడగకుండానే పాఠం మధ్యలో టీవీ బంద్ చేశాడు. బడి తరఫున క్షమాపణ కోరుతున్నాను.

*

హైదరాబాదు

గౌరవనీయులైన చంద్రయ్య బాపుకు జితేందర్ నమస్కారాలు.

ఫోన్‌లో చెబుదామంటే "మాట గాలికి పోతది, కాయితం నిలుస్తది" అని పెట్టేశారు. అందుకే రాస్తున్నాను. అది నేను ముందే మాట్లాడి పెట్టిన రికార్డింగు. పిల్లల మాట నాకు వినబడదు. ప్రశ్న అడిగి ఆగినప్పుడు నా ఎదుట ఒక లైటు, ఒక గోడ తప్ప ఎవరూ ఉండరు బాపూ. అయినా అలవాటు పోక జవాబు కోసం ఆగుతాను. పిల్లల్ని ఎవరి బెంచీల్లో వాళ్ళను కూర్చోనివ్వండి.

రక్షిత వాళ్ళమ్మ ఇంకా దవాఖానలోనే ఉందా? ఆ పిల్ల మెల్లగా మాట్లాడుతుంది, జర చెవి దగ్గర పెట్టి వినాలి. ఎవరికైనా చెప్పండి.

విధేయుడు,
జితేందర్

తా.క. దండ వెంటనే తీసేయండి. దండలో నా మొహం ఉన్న ఫొటో పేపర్లో చూసి జనగామలో మా అమ్మ శోకాలు పెట్టింది. నేనే ఫోన్ చేసి బతికే ఉన్నానని చెప్పుకోవాల్సి వచ్చింది.

*

గూడూరు మండలం

జితేందర్ సారుకు, (చిరంజీవి అని రాయడానికి ఈసారి చెయ్యి రావడం లేదు.)

రికార్డింగ్ అంటే నాకు తెలియదా? ఎలక్షన్లలో నా గొంతును ఆటోకు కట్టి ఊరంతా తిప్పినవాణ్ణి. కానీ నా గొంతు ఓటు తప్ప ఎవర్నీ ఏమీ అడగలేదు. అడిగినవాడు వినాలి.

రక్షిత తల్లి పోయింది. దినాలయ్యాక పిల్ల బడికొచ్చింది. కొత్త పాఠం పెట్టారు. నువ్వు ఏం తిన్నారని అడిగావు. ఆ పిల్ల లేచి నిలబడి, "ఏం తినలే సార్, మా అమ్మ సచ్చిపోయింది" అన్నది. ఆ మాట పూర్తి కాకముందే నువ్వు "చాలా బాగుంది! అందరూ చప్పట్లు కొట్టండి" అన్నావు. పిల్లలు అలవాటు కొద్దీ కొట్టారు. కొట్టాక ఏడ్చారు. రక్షిత సంచి తీసుకుని వెళ్ళిపోయింది. ఇప్పుడు భూపాలపల్లి దిక్కు టేకుమట్లలో మేనత్త దగ్గర ఉండి పత్తి ఏరుతోంది. బడి వద్దంటోంది.

ఇంకో మాట. ఈ కొత్త పాఠాల్లో "ఏం తిన్నారండీ" అంటున్నావు. సినిమాల్లో మన మాటను ఎక్కిరించినోళ్ళ మాట నీకెందుకు? సుద్దముక్కల పొడికి వచ్చిన నీ దగ్గు కూడా వినబడటం లేదు. అది పోయినందుకు మాత్రం సంతోషమే.

ఏం తింటున్నావో పోయినసారి రాయలేదు.

ఇట్లు,
చంద్రయ్య

తా.క. టీవీని గోడ దిక్కు తిప్పి నిలబెట్టాను. తప్పు ఒప్పుకునేదాకా అంతే.

*

బాపుకు నమస్కారాలు.

మీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివి ఏడ్చాను. రక్షిత కోసం నేను రావాలి. కానీ పాఠాలు వరసగా ఉన్నాయి, తీరిక దొరకడం లేదు. నా బదులు మీరు వెళ్ళి, సారు తప్పయిందన్నాడని చెప్పండి.

మీ
జితేందర్

తా.క. టీవీని ఇటు తిప్పండి. లెక్కల మేడం స్రవంతి కూడా అందులోనే ఉంది. పాపం ఆమె ఏం చేసింది.

*

గూడూరు మండలం

జితేందర్‌కు,

టేకుమట్ల పోయి వచ్చాను. చేను గట్టు మీద నిలబడి, "సార్ తప్పయిందన్నడు బిడ్డా" అన్నాను. రక్షిత పత్తి ఏరడం ఆపలేదు. "తాతా, టీవీల ఉన్నది సార్ కాదు. సార్ అయితే నేను చెప్పేదాంక ఆగుతడు" అన్నది. దుఃఖంలో పిల్లకు మతి చెదిరిందేమోనని నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. "మొహం గదే గద బిడ్డా" అని వాదించాను. "అయితే సార్‌నే రమ్మను" అన్నది.

నువ్వేమో తీరిక లేదంటావు. నీ కవరు మీద చూస్తే జనగామ పోస్టాఫీసు ముద్ర ఉంది. ఇంటికి పోవడానికి తీరిక ఉంది, ఇక్కడికి రావడానికి లేదన్నమాట. పెద్దవాడివయ్యావు. ఏం తింటున్నావని ఇక అడగను. మంచివే తింటుంటావు.

చంద్రయ్య

తా.క. లెక్కల మేడం మొహం చూసి టీవీని ఇటు తిప్పాను. నువ్వు వచ్చినప్పుడు మాత్రం మాన్‌సింగ్ తువ్వాల కప్పుతున్నాడు.

*

జనగామ

బాపూ,

రక్షిత మతి చెదరలేదు. కొత్త పాఠాల్లో ఉన్నది నేను కాదు.

నా మొహాన్ని, గొంతును కంప్యూటరుకు నేర్పిస్తామని కంపెనీవాళ్ళు అన్నారు. ఇంకా ఎందరో పిల్లలకు పాఠం అందుతుందన్నారు. నమ్మి సంతకం పెట్టాను. అది నేర్చుకున్నాక నాతో పని లేదన్నారు. దానికి దగ్గు రాదు. మన యాస వద్దంటే మానేస్తుంది. జవాబు కోసం ఆగదు.

దసరాకు ముందు నుంచి జనగామలోనే, మా అన్న ఎరువుల దుకాణంలో బస్తాలు దించుతున్నాను. హైదరాబాదులో నా పాత గదిలో ఉండే హరీశ్ మీ ఉత్తరాలు ఇక్కడికి పంపుతున్నాడు. టీవీలో రోజూ సూటు వేసుకుని కనబడే మనిషి ఇలా ఉన్నాడని మీకు రాయడానికి సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే అంత దుఃఖంలో ఉన్న పిల్ల దగ్గరికి రావడానికి తీరిక లేదని రాశాను.

ఆదివారం టేకుమట్ల వస్తాను. పాఠమేమీ తేవడం లేదు. పొద్దున ఏం తిన్నవు బిడ్డా అని అడుగుతాను. ఆమె చెప్పేదాకా గట్టు మీద కూర్చుంటాను. బడికి పంపమని మేనత్తను బతిమాలడానికి మీరూ రండి.

మీ
జితేందర్

తా.క. ఆ దండ ఇంకా ఉంటే టీవీలో ఉన్న వాడికి మళ్ళీ వేసేయండి. మా అమ్మకు నేను చెప్పుకుంటాను.

ఏం తింటున్నావని ఇక అడగనని రాశారు. అడగండి బాపూ. నన్ను ఆ మాట అడిగేది మీరొక్కరే. ఈ పొద్దున నేను ఏం తినలేదు.