మగపువ్వు ఒక్క పూటే

చిరంజీవి బుజ్జికి బాబాయి ఆశీస్సులు.

నీ బొమ్మల ప్రదర్శన అయ్యాక పంపిన గుమ్మడిపాదు బొమ్మ ముందుగదిలో తగిలించాం. ఆడపువ్వు కింద పిందె, పక్కనే సన్నటి కాడ మీద మగపువ్వు, అచ్చం పాదు మీద ఉన్నట్టే గీశావు. కింద ‘మగపువ్వు ఒక్క పూటే’ అని రాయడం ఎందుకమ్మా? మీ పిన్ని రోజూ అది చదివి, నా వంక చూసి నిట్టూరుస్తోంది. నేను ఇంట్లో దేనికీ పనికిరానని ఇన్నేళ్లకు తెలిసొచ్చినట్టుంది. నన్ను వదిలేసి మీ అమ్మ దగ్గరికి వచ్చేస్తుందేమోనని భయంగా ఉంది.

నిద్ర కరువైన
బాబాయి

తా.క. ఆ మగపువ్వుది నా పోలికే అన్నాడు పక్కింటాయన. నాకు మీసం ఉందని గుర్తుచేశాను.

---

బాబాయికి నమస్కారాలు.

అది నీ బొమ్మ కాదు. ఆడా మగా ఒకే తీగ మీద ఎలా కాపురం చేస్తాయో చూపిద్దామని గీశాను. మగపువ్వు పొద్దున విచ్చి మధ్యాహ్నానికి వాడిపోతుంది, అదే రాశాను. పిన్నికి కోపమైతే పనిలో చెయ్యి వెయ్యి. నాలుగు మంచి మాటలు చెప్పు.

నీ బుజ్జి

తా.క. కూరలో ఉప్పు సరిపోయిందనడం మంచి మాట కిందికి రాదు.

---

బుజ్జికి,

నీ సలహా నా కొంప ముంచింది. గిన్నెలు తోమాను. బట్టలు ఆరేశాను. నువ్వు లేకపోతే నేనేమైపోయేవాణ్ణో అన్నాను. మీ పిన్ని మొహం పాలిపోయింది. బీరువాలో ఏ కాగితం ఎక్కడుందో, కరెంటు బిల్లు ఎలా కట్టాలో నేను చెప్పబోతే చెవులు మూసుకుని లేచి వెళ్లిపోయింది. ఇవాళ పెట్టె సర్దుతోంది. అందులో నా బట్టలు పెడుతోంది. గెంటేది నన్నేనేమో.

పెట్టెకు కాపలా కూర్చున్న
బాబాయి

తా.క. బొమ్మ మీద తువ్వాలు కప్పాను. ఇప్పుడు తువ్వాలు చూసి నిట్టూరుస్తోంది.

---

బాబాయ్,

ఇంక ఏ పనీ చెయ్యకు. ఎందుకు సర్దుతున్నావని నోరు తెరిచి అడుగు.

బుజ్జి

---

అమ్మా బుజ్జీ,

అడిగాను. పెట్టె ఆసుపత్రికట. “డాక్టరు ఎన్నాళ్లన్నాడు? నా దగ్గర దాచి గిన్నెలు తోముతారా?” అని నా చొక్కా పట్టుకుని ఏడ్చింది. ఒక్క పూటే అని చదివిన దగ్గర్నుంచి నేను పోతానేమోనని బెంగట. నేను మంచిగా ఉండేసరికి అది ఖాయమైపోయిందట. నేను పనికిరానని కాదమ్మా, పనికిరాకపోయినా ఉండాలని ఆవిడ ఏడుపు. లాక్కెళ్లి చూపించింది. గుండ్రాయిలా ఉన్నానన్నాడు డాక్టరు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

బాబాయి

తా.క. ఆడపువ్వూ ఒక్క పూటేనా అని పిన్ని అడగమంది. నిజమేదైనా సరే, కాదనే రాయి. ఇప్పుడా బెంగ నాకు పట్టుకుంది.