పెట్టెకి జ్వరం

అక్కా,

బాగున్నావా అని అడిగే ఓపిక కూడా లేదు, నేరుగా విషయానికొస్తాను. నా కంప్యూటర్ మొండికేసింది. బట్టల మిల్లుకి పూల డిజైన్లు గీస్తుంటే మధ్యలో టప్పున ఆరిపోతుంది. కాసేపాగి నొక్కితే బుద్ధిగా లేస్తుంది, మళ్ళీ ఆరిపోతుంది. ప్లగ్గు మార్చాం, వైర్లు పీకి పెట్టాం. రిపేరతని కొట్లో రోజంతా ఒక్కసారి కూడా ఆగలేదట! ఇంటికి తెచ్చాక మళ్ళీ అదే వరస. "నీ చెయ్యి పడితే అంతే" అని నీ మరిది నవ్వుతాడు. నాకేమో ఏడుపొస్తోంది. ఈ వారం డిజైన్లు ఇవ్వకపోతే ఇంకొకరిని చూసుకుంటామని మిల్లువాళ్ళు చెప్పేశారు.

అసలు బాధ అది కూడా కాదు. మా అత్తగారు ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నా గదిలోకి తొంగిచూడలేదు. వచ్చినవాళ్ళందరికీ "మా కోడలికి పొద్దస్తమానం బొమ్మలాటే" అని చెబుతుంది. నిన్న అది ఆగిపోతే, "పోనీలే, ఇకనైనా ఇల్లు పట్టించుకుంటుంది" అంది. ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. నేనిక్కడ ఉండలేనక్కా. నీ మరిదిని ఒప్పించాను. మీ వీధిలో మా ఇద్దరికీ రెండు గదులు చూడు.

నీ చెల్లి

*

అక్కా,

కూర్చుని చదువు, నిలబడి చదివితే పడిపోతావు.

పొద్దున మళ్ళీ ఆరిపోయింది. బల్లమీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తుంటే అత్తగారు వచ్చింది. బల్లకింద కంప్యూటర్ పెట్టె మీద చెయ్యి వేసి చటుక్కున తీసేసింది. "అమ్మో, ఒళ్ళు కాలిపోతోందే దీనికి! ఇంత జ్వరంలో ఈ ముసుగేమిటే?"

దుమ్ము పడకూడదని నేనే దూది పెట్టి కుట్టి తొడిగాను. పని చేసేటప్పుడు కూడా తీయలేదు. కొట్టుకి పంపినప్పుడు మాత్రం నలిగిపోతుందని విప్పి దాచాను! నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ముసుగు లాగేసి, ప్లగ్గు పీకి, పెట్టె చల్లారాక పక్కరేకు విప్పాం. బ్రష్షుతో ఫ్యాను దులుపుతూ నేనే ఆగిపోయాను. లోపలి పచ్చ పలకమీద ఎన్ని సన్నటి గీతలు, ఎంత పొందిక! "ఇది మనుషులే చేశారా?" అని అత్తగారు గుసగుసగా అడిగింది. నాకూ నమ్మబుద్ధి కాలేదు.

ఈసారి ఆన్ చేస్తే ఆగలేదు. తెరమీద నా పాత డిజైన్ ఒకటి విచ్చుకుంది. అత్తగారు కొయ్యబారిపోయింది. గబగబా వెళ్ళి తన మంచం మీది దుప్పటి తెచ్చి తెర పక్కన పట్టుకుంది. అదే పువ్వు, అదే తీగ. బజారంతా తిరిగి ఏరికోరి కొనుక్కుందట. అది నా డిజైనేనని నేనెప్పుడూ చెప్పలేదు, ఆవిడెప్పుడూ అడగలేదు.

"గుడ్డమీద పువ్వులు ఏ యంత్రమో వేసేస్తుందనుకున్నానే. ఇవి నువ్వు గీస్తే పూశాయా?" అంటూ నా చెయ్యి తీసుకుని, వేళ్ళు ఒక్కొక్కటే తిప్పి చూసింది.

మధ్యాహ్నం ఎదురింటావిడ వచ్చి గట్టిగా పిలిచింది. గుమ్మం దగ్గర అత్తగారి గొంతు వినిపించింది: "కాస్త మెల్లగా మాట్లాడండి. మా కోడలు పనిలో ఉంది."

ఇల్లు చూడొద్దక్కా.

నీ చెల్లి