ఇరవై మూడో నంబరు మనిషి

అత్తయ్యకు నమస్కారాలు,

నువ్వు ఫోనెత్తవు కాబట్టి ఉత్తరమే దిక్కు. కొత్త కళ్ళజోడు వచ్చిందని విన్నాను, అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

మా కుర్చీల కంపెనీ సంగతి నీకు తెలుసు. ఆరుగురు కుర్రకారు పొద్దుటినుంచీ ఆఫీసులకు ఫోన్లు చేసి, మా మనిషి కుర్చీ తెచ్చి చూపిస్తాడు, ఎప్పుడు రమ్మంటారని అడిగి అపాయింట్‌మెంట్ తీసుకుంటారు. అప్పుడు సేల్స్‌మన్ వ్యానులో కుర్చీ వేసుకుని వెళ్తాడు. ఈ ఆరుగురికీ మేనేజరుగా మాలో అందరికంటే బాగా అమ్మేవాణ్ణి పెట్టాను. అతను వాళ్ళ చేతుల్లోంచి ఫోను లాక్కుని తనే మాట్లాడేవాడు. ఆరుగురూ వరసగా కూర్చుని అతన్ని చూసేవారు. పోయిన నెల అతను మానేశాడు. ఇప్పుడు వారానికి రెండు అపాయింట్‌మెంట్లు వస్తున్నాయి, అందులో ఒకటి పొరపాటున.

నెలాఖరులోగా మేనేజరు దొరక్కపోతే తన తమ్ముణ్ణి పెడతానని మా ఆవిడ తేల్చి చెప్పేసింది. కంపెనీలో సగం ఆవిడది, కాదనలేను. నా బావమరిది రాంగ్ నంబరు వచ్చినా అరగంట వదలడు. నా ఫోన్లో అతని నంబరు 'ఎత్తకు' అనే పేరుతో ఉంది. అతనొస్తే ఆ ఆరుగురూ పారిపోతారు, వాళ్ళ వెనకే నేనూ.

నలభై ఏళ్ళుగా కుట్టు షాపు నడుపుతున్నావు. పనివాళ్ళ మీద పెద్దని ఎలా ఎంచుకుంటావు?

నీ సలహా కోసం గుమ్మంలో నిలబడ్డ,
మేనల్లుడు

తా.క.: ఇది మా ఆవిడ కంట పడకుండా నేనే పోస్టు చేస్తున్నాను. మా ఇంట్లో గుట్టు ఎలా ఉంచాలో నాకు తెలుసు.

*

చిరంజీవి మేనల్లుడికి దీవెనలు,

పెద్దగా పెట్టాలనుకున్నవాడు ఎంత బాగా కుడతాడో నేనెప్పుడూ చూడలేదురా. కొత్తగా నేర్చుకుంటున్న పిల్ల వంకరగా కుట్టిన గుడ్డ తీసి, వాణ్ణి ఆ పిల్ల పక్కనే కూర్చోబెట్టేదాన్ని. ఒకడు గుడ్డ లాక్కుని తనే కుట్టేశాడు, పంపించేశాను. ఇంకొకడు పిల్లని ఏడిపించాడు, వాణ్ణీ పంపించేశాను. పక్కన కూర్చుని ఓపిగ్గా చూసి, విప్పి మళ్ళీ కుట్టమ్మా అన్నవాణ్ణి ఉంచుకున్నాను. నాకైతే నోట్లో ఎప్పుడూ గుండుసూదులుంటాయి, అంతకంటే ఎక్కువ మాట్లాడ్డం కుదరదు. అదే మంచిదైంది.

నువ్వూ అలాంటివాణ్ణే వెతుక్కో.

మీ అత్తయ్య

తా.క.: నువ్వు పంపిన చక్రాలున్న ఆఫీసు కుర్చీ దానంతటదే వంటింట్లోంచి వీధి గుమ్మం దాకా పోతోంది. మంచం కోడుకు కట్టేశాను.

*

అత్తయ్యకు వేయి నమస్కారాలు,

అద్భుతం జరిగింది. ప్రకటన వేస్తే ఇరవై మూడు దరఖాస్తులు వచ్చాయి. అవి మా ఆవిడ దగ్గరే ఉన్నాయి. తమ్ముడి తరఫున నన్ను మాటల్లో పెడుతుందని భయపడి, పేర్లు తీసేసి వరస సంఖ్యలూ ఫోన్ నంబర్లూ మాత్రమే రాసిమ్మన్నాను. ఎవరు ఎవరో తెలియకపోతే పక్షపాతం ఉండదు. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను. ఆ కాగితం మా వాళ్ళ బల్లమీద పెట్టి, వీళ్ళకు ఫోన్ చేయండని చెప్పి బయటికెళ్ళాను.

సాయంత్రం వచ్చేసరికి ఇరవై రెండు అపాయింట్‌మెంట్లు! వారానికి రెండు తెచ్చేవాళ్ళు ఒక్క రోజులో ఇరవై రెండు తెచ్చారు. వ్యాను నిండా కుర్చీలు వేసి పంపించాను. అసలు మేనేజరే అక్కర్లేదేమో.

ఆనందంతో,
మేనల్లుడు

తా.క.: ఇంటర్వ్యూకి మాత్రం ఒక్క ప్రాణీ రాలేదు. ఈ కాలం మనుషులకు ఉద్యోగమంటే లెక్కలేదు.

*

చిరంజీవి మేనల్లుడికి,

దరఖాస్తులు ఇరవై మూడు. అపాయింట్‌మెంట్లు ఇరవై రెండు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని, ఓ గ్లాసు మంచినీళ్ళు తాగి, మళ్ళీ చూడు.

మీ అత్తయ్య

తా.క.: కుర్చీ మంచాన్ని కూడా లాక్కెళ్తోంది.

*

అత్తయ్యకు తలవంచి నమస్కారాలు,

మా వాళ్ళు ఆ నంబర్లకు ఫోన్ చేసి కుర్చీలు అమ్మజూపారు. అది ఇంటర్వ్యూలో మొదటి పరీక్ష అనుకుని అందరూ ఎగిరి గంతేసి రమ్మన్నారట. సేల్స్‌మన్ వెళ్ళేసరికి ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, సర్టిఫికెట్లు బల్లమీద పరిచి కూర్చున్నారు. ఒకాయన కుర్చీలో కూర్చుని తన సుగుణాలు గంటసేపు చెప్పాడు. ఇంకొకాయన తన సత్తా చూపించడానికి మా సేల్స్‌మన్‌కే ఓ పాత బీరువా అంటగట్టాడు. కుర్చీ ఒక్కటీ అమ్ముడవలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

అయితే ఇరవై మూడో మనిషి రమ్మనలేదు. మాలో అందరికంటే బెదురుగొట్టు పిల్ల అతనికి ఫోన్ చేసింది. భయమేస్తే కంపెనీ పేరు కూడా మర్చిపోతుంది. రికార్డు విన్నాను. అతను మొత్తం విని, పళ్ళు బిగించినట్టున్న గొంతుతో "మళ్ళీ చెప్పమ్మా" అన్నాడు. ఆ పిల్ల మళ్ళీ చెప్పింది. అలా నాలుగుసార్లు. నాలుగోసారికి నాకే ఆ కుర్చీ కొనాలనిపించింది. మర్నాడు ఆ పిల్ల ఓ పెద్ద ఆఫీసుతో మాట్లాడి నలభై కుర్చీల బేరం తెచ్చింది. అత్తయ్యా, నిజం చెప్తున్నాను, నాకు కళ్ళనీళ్ళొచ్చాయి.

ఇంటర్వ్యూ ఎందుకిక. రెండేళ్ళ ఒప్పందం, మధ్యలో తీసేయడానికి వీల్లేదని నేనే రాయించి, పేరు దగ్గర ఖాళీ వదిలి సంతకం పెట్టి మా ఆవిడకిచ్చాను.

బావమరిది గండం గడిచిన,
మేనల్లుడు

తా.క.: మా ఆవిడ ఏమీ అడగకుండా పేరు నింపి, కవరు అంటించి, పాట పాడుకుంటూ పోస్టు చేసొచ్చింది.

*

చిరంజీవి మేనల్లుడికి,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. కదలని కుర్చీలో.

లెక్క కట్టి కనిపెట్టాననుకున్నావా? ఆ ఫోను నా షాపులోనే మోగింది. ఎత్తినవాడు నీ బావమరిది.

నీ ఉత్తరం కంటే రెండు రోజుల ముందే, తమ్ముడికి పని నేర్పమని నీ భార్య ఉత్తరం వచ్చింది, దాని వెనకే వాడూ వచ్చాడు. మొదటిరోజు వాడి మాటలకు జడిసి, కొలతలివ్వడానికొచ్చిన ఆవిడ ఇవ్వకుండానే వెళ్ళిపోయింది. రెండోరోజు నుంచి వాడి పెదాల మధ్య నాలుగు గుండుసూదులు పెట్టించాను. సూదులుంటే మనిషి వింటాడురా. "మళ్ళీ చెప్పమ్మా" అన్నంత వరకే నోరు కదులుతుంది. పది రోజులు అలా కూర్చున్నాక నా దగ్గర పనిచేసే పిల్లలు నన్నొదిలి, కుట్టిందంతా వాడికే చూపించుకుంటున్నారు. నాకు కొంచెం కష్టంగానే ఉంది.

నువ్వు వాడి మాట ఒక్కసారైనా పూర్తిగా విన్నావా? వినేవాళ్ళు లేకే వాడు అంత మాట్లాడేవాడు. సోమవారం పనిలో చేరతాడు. మర్యాదగా చూసుకో.

మీ అత్తయ్య

తా.క.: వాడితో ఒక డబ్బా సూదులు పంపిస్తున్నాను. సగం వాడికి, సగం నీకు. ఇక నీ ఫోన్లో వాడి పేరు మార్చు. ఇప్పుడు ఎత్తాలి మరి.