పదమూడో తారీఖు దాకా అనుమతి

లంజిపల్లి, బరంపురం
అక్టోబరు 28

పెద్దవారైన వదినగారికి మీ మరిది కాశీవిశ్వనాథం నమస్కరించి, కోపం కాస్త అణచుకుని రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ అందరం క్షేమం. అప్పడాలు మాత్రం క్షేమంగా లేవు. ఫోన్లో ఏం చెప్పినా మీరు నవ్వేస్తున్నారు కాబట్టి కాగితం పట్టాను. మా అమ్మాయి సాయిపద్మ దీన్ని ఫొటో తీసి మీకు పంపుతుంది.

మహిళా మండలి వాళ్లతో ఆరు రోజుల థాయ్‌లాండ్ యాత్ర అని వెళ్లారు. మిగతా పద్దెనిమిది మందీ ఆరో రోజుకి ఇంటికొచ్చి వంటలు మొదలుపెట్టారు. మీరేమో హల్దియాపదర్‌లో మీతో చదువుకున్న నాగశ్రీ ఇప్పుడు చియాంగ్‌మాయ్‌లో లెక్కల టీచరని, ఆవిడ ఇంట్లో ఉండిపోయారు. నెలన్నర అవుతోంది! అన్నయ్య పోయిన ఈ పదకొండేళ్లలో ఈ ఇంట్లో మిమ్మల్ని ఎవరైనా ఒక్క మాట అన్నామా?

నవంబరు ఇరవై రెండున సాయిపద్మ పెళ్లి. విందుకి అప్పడాల పిండి ఎవరు కలుపుతారు? మా ఆవిడ చిన్నమ్మి కలిపి ఒత్తింది. వంటాయన నూనెలో ఒకటి వేసి చూసి, "ఏటండి సావుకారూ, ఇయి అప్పడాలా, సెప్పుల అడుగులా?" అన్నాడు. వెంటనే బయల్దేరండి.

ఇట్లు, మీ మంచి కోరే
కాశీవిశ్వనాథం

తా.క. మీరు లేరని చిన్నమ్మి రోజూ కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. ఇంగువ ఎంత వెయ్యాలో తెలియక.


చియాంగ్‌మాయ్
అక్టోబరు 30

చిరంజీవి కాశీవిశ్వనాథానికి వదిన వాసవీకుమారి దీవెనలు.

పెళ్లికి రాననలేదయ్యా. సాయిపద్మ నా చేతుల్లో పెరిగింది. ఇక్కడ మన దేశం వాళ్లని వీసా లేకుండానే అరవై రోజులు ఉండనిస్తారు. నా అరవై నవంబరు పదమూడుతో సరి. పన్నెండు రాత్రి విమానానికి టికెట్టు తీశాను. పదమూడు పొద్దున్నకి బరంపురంలో ఉంటాను. పెళ్లికి ఇంకా తొమ్మిది రోజులుంటాయి, అప్పడాలకి నాలుగు ఎండలు చాలు.

ఒక్క మాట అన్నామా అని అడిగావు. నిజమే, ఒక్కటి అనలేదు. శుభకార్యం వచ్చినప్పుడల్లా రెండు మాటలు అన్నారు: "వదినా, పెరట్లోకి."

ఆశీస్సులతో
వాసవీకుమారి

తా.క. ఇక్కడ వీధిలో ఎదురొచ్చినవాళ్లు చేతులు జోడించి దణ్ణం పెడతారు. నన్ను చూసి ఇంట్లోకి వెనక్కి వెళ్లి, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరినవాడు ఇంతవరకు ఒక్కడూ కనిపించలేదు.


లంజిపల్లి
నవంబరు 1

గౌరవనీయులైన వదినగారికి, నమస్కారం పెట్టే ఓపిక కూడా లేని కాశీవిశ్వనాథం.

పదమూడు పనికిరాదు! ఆ పొద్దున్నే మనింట్లో పసుపు కొడతారు. అయిదుగురు ముత్తయిదువులు రోలు చుట్టూ నిలబడి ఉండగా, మీరు పెట్టె ఈడ్చుకుంటూ వీధి గుమ్మంలో దిగితే చూసేవాళ్లు ఏమనుకుంటారు? నాకైతే ఇలాంటి పట్టింపులు లేవు. లోకానికి ఉన్నాయి. ముందే రమ్మందామంటే తొమ్మిదో తారీఖు నుంచి పొలసర నుంచి మగపెళ్లివారి రాకపోకలు. శుభమా అని వాళ్లు గడప తొక్కేటప్పుడు మీరు ఎదురుపడితే అదొక గొడవ.

పదహారున రండి. పెరటి దారిన రండి. ఆ మూడు రోజులూ అక్కడే ఎలాగో సర్దుకోండి. ఎంత విదేశమైనా మూడు రోజులకి పట్టుబట్టే ఆఫీసు ఉంటుందా?

తొందరలో
కాశీవిశ్వనాథం

తా.క. అప్పడాలు ఎనిమిది వందలు కావాలి. మీ చేతి అప్పడాలకి మాత్రం ఎవరికీ అభ్యంతరం లేదు. ఆ విషయంలో మనసు కష్టపెట్టుకోవద్దు.


చియాంగ్‌మాయ్
నవంబరు 4

మరిది కాశీవిశ్వనాథానికి,

దీవెనలు ఈసారికి ఆపి ఉంచాను.

పదమూడు దాటి మా దేశంలో ఉండొద్దని ఈ ప్రభుత్వం అంటుంది. పదమూడున మా ఇంట్లోకి రావొద్దని నువ్వంటావు. ఆ మూడు రోజులూ బంగాళాఖాతంలో నిలబడనా?

ఇమిగ్రేషన్ ఆఫీసుకి వెళ్లి అడిగాను. ఇంకా ఉండాలనుకునేవాళ్లకి దారులున్నాయి. ముందు ముప్పై రోజుల పొడిగింపు ఇస్తారు. చదువుకునేవాళ్ల వీసా ఒకటుంది, దానికి బడివాళ్లు కాగితమివ్వాలి. వాళ్ల భాష నేర్చుకోవచ్చు, లేదంటే వాళ్ల ముష్టియుద్ధం నేర్చుకోవచ్చు! యాభై దాటినవాళ్లకి విశ్రాంతి వీసా వేరే ఉంది, నాకు యాభై మూడు. ఇక్కడివాళ్లని పెళ్లాడినవాళ్లకి మరొకటి.

కిటికీ దగ్గరి అమ్మాయి ఓపిగ్గా చెబుతుంటే నాగశ్రీ నాకు తెలుగు చేసింది. చివర్న ఆ అమ్మాయి, "ఇక్కడ పనేమైనా చేస్తారా?" అని అడిగింది. లేదన్నాను. "చెయ్యకండి. అనుమతి పత్రం లేనివాళ్ల చేత పని చేయించుకుంటే నేరం" అంది.

వింటున్నావా కాశీ? నీ ఇంట్లో ముప్పై ఏళ్లు అప్పడాలు ఒత్తాను. ఏ పత్రం మీద? మీ అన్నయ్య ఉన్నన్నాళ్లూ పెళ్లి వీసా అనుకుందాం. ఆయన పోయాక నేను ఏ తరగతి? వీధి గుమ్మం దాటే అనుమతి లేదు, పిండి కలపడం మానే అనుమతీ లేదు. ఏ దేశమయ్యా మీది? ఇక్కడ నేను ముక్కూ మొహం తెలియని దాన్ని. అయినా ఎందుకొచ్చావని అడిగారు, ఎన్నాళ్లుంటావని అడిగారు, ఏం కావాలని అడిగారు. అక్కడ ముప్పై ఏళ్లలో నన్ను ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు!

ఇంకా చల్లారని
వాసవీకుమారి

తా.క. ఆఫీసుకి నాగశ్రీ అద్దెకుంటున్న ఇంటి యజమాని తన స్కూటరు మీద తీసుకెళ్లాడు. డెబ్బై ఏళ్లు, చాలా మంచివాడు. నన్ను దగ్గరుండి ఫొటో తీయించి, కాగితం మీద తనూ సంతకం పెట్టాడు.


లంజిపల్లి
నవంబరు 6

వాసవీకుమారి గారికి,

ఇక మిమ్మల్ని వదిన అని పిలవచ్చో లేదో తెలియడం లేదు.

స్కూటరు! ఫొటో! సంతకం! నేను చిన్నపిల్లాణ్ణి కాదు. మొన్న మా గుమాస్తా సంతోష్ రిజిస్టరు పెళ్లి చేసుకున్నప్పుడు కూడా ఈ మూడే జరిగాయి. పెళ్లి వీసా అని ముందే చెప్పి, కిందెక్కడో తాజా కలంలో ముసలాణ్ణి బయటపెడతారా? డెబ్బై ఏళ్లేమిటి? మా అన్నయ్య ఫొటోకి నేనింక ఏ మొహం పెట్టుకుని దణ్ణం పెట్టను? చిన్నమ్మి మాత్రం, "పోన్లెండి, ఆయప్పకి స్కూటరుందంట కదా" అంటోంది. దాని బుద్ధి అంతవరకే.

మీ ఉత్తరం అందిన పూటే పొలసర నుంచి పెళ్లికొడుకు అనుదీప్ తల్లి బాలాంబగారు ఫోన్ చేసి, "మీ వదినగారు ఎప్పుడొస్తారు?" అని అడిగారు. నాకు ఇంకేమీ తోచలేదు. బౌద్ధ మఠంలో సన్యాసం పుచ్చుకున్నారని చెప్పేశాను. పరువు నిలబడింది. మీరిక అక్కడే ఉండిపోండి, పదహారునా వద్దు.

కాశీవిశ్వనాథం

తా.క. కాగితం మడుస్తుండగా బాలాంబగారు మళ్లీ ఫోన్ చేశారు. "అంతటి సన్నేసమ్మ సేతే మొదటి రోకటిపోటు ఎయ్యించండి అన్నయ్యగారూ. ఆయమ్మ వస్తేనే నేనూ వస్తాను" అంటున్నారు. పదమూడునే రండి. వీధి గుమ్మంలోంచే రండి, నేనే ఎదురొస్తాను. కావిరంగు చీర ఉంటే కట్టుకోండి. ఆ ముసలాయన్ని మాత్రం తేవద్దు.


చియాంగ్‌మాయ్
నవంబరు 8

కాశీవిశ్వనాథానికి, ఇంకా వదినే అయిన వాసవీకుమారి.

ముందు ఆ పెద్దాయన సంగతి. పరాయి దేశం మనిషి ఎవరింట్లో ఉంటే ఆ ఇంటాయన, "ఈవిడ మా ఇంట్లో ఉంటోంది" అని సంతకం పెట్టాలి. ఇక్కడి నియమం అది. ముప్పై రోజుల పొడిగింపు కాగితాలవి. ఒక మగవాడు ఒక ఆడదాన్ని మా ఇంటి మనిషని కాగితం మీద ఒప్పుకోవడం నీకు ఎంత వింతగా తోచిందంటే, పెళ్లే అనుకున్నావు.

ఇక సన్యాసం. మొగుడు పోయిన వాసవీకుమారి రోకలి ముడితే అరిష్టం, అదే వాసవీకుమారి కావి కట్టుకొస్తే పుణ్యం! చెయ్యి ఒకటే కదయ్యా? దోషం నాలో ఉందా, చీరలో ఉందా? పట్టింపుల్లేవన్నావు కదా, లేనివాడివి ఇంత అబద్ధం ఎందుకాడావు?

అబద్ధం మీద నేను ఏ గడపా ఎక్కను. సాయిపద్మ దగ్గర నంబరు తీసుకుని నిన్న బాలాంబగారికి ఫోన్ చేశాను.

"సన్నేసం లేదు, ఏటీ లేదు వదినగారూ. మా మరిది బయపడి అలాగన్నాడు. మా ఆయన పోయి పదకొండేళ్లయింది. నిజం సెప్పకుండా మీ కోడలి పసుపు ముట్టుకోలేను."

పిల్ల పెళ్లి నా నోటితో చెడగొట్టుకున్నానా అనుకున్నాను. అప్పుడు ఆవిడ అంది:

"మా ఆయన పోయి ఆరేళ్లు వదినా. మా యింట్లో పసుపు కొట్టిన రోజు నన్ను గదిలో కూకోమన్నారు. నా కొడుకు పెళ్లి కదా, నానేటి సెయ్యనమ్మా? సన్నేసమ్మ ముడితే తప్పునేదంటారు. మీరు కొట్టిన రోకలి మీ సేతిలోంచి అందుకుని నేనూ ఒక పోటు ఎయ్యొచ్చని ఆశపడ్డాను. అందుకే అడిగాను."

విన్నావా? నీకు ఆవిడ మగపెళ్లివారు, అంతే. గదిలో కూర్చోబెట్టిన మనిషని ఒక్కసారైనా తోచిందా?

పదమూడు పొద్దున్న నేను రైలు దిగేసరికి ఆవిడ స్టేషన్లో ఉంటుంది. ఇద్దరం మామూలు చీరల్లో, వీధి గుమ్మంలోంచే వస్తాం. "మీరిద్దరూ ఏస్తేనే నేను పీటల మీద కూకుంటాను పెద్దమ్మా, నాన్నకి నేను సెప్తాను" అంది సాయిపద్మ. చెప్పిందా? చెప్పకపోతే ఈ ఉత్తరం ఫోన్లో నీకు చూపించేది కూడా అదే కాబట్టి ఇప్పుడు పక్కనే ఉంటుంది, అడుగు. నీ ముత్తయిదువులు ఉంటామంటే ఉండమను, వెళ్తామంటే వెళ్లమను. రోకలికి రెండు చేతులు చాలు, మాకు నాలుగున్నాయి.

పిండి కలపడం చిన్నమ్మికి నేర్పుతాను. నీకూ నేర్పుతాను. ఇరవై మూడున నాకు తిరుగు విమానం. మళ్లీ ఈ దేశంలోకి రావడానికి అనుమతి ముందే రాయించుకున్నాను. ముష్టియుద్ధం బడిలో పేరూ ఇచ్చాను.

వదిన
వాసవీకుమారి

తా.క. నీ ఇంట్లో నా బస పది రోజులు. పొడిగించాలంటే నీ దగ్గర ఏయే దారులున్నాయో రాసి పంపు. పెరటి దారి మాత్రం రాయకు.