జవాబు అక్కర్లేని ఉత్తరం

ప్రియమైన మేస్త్రీగారికి,

మీరు మా ఆసుపత్రి వార్డు నుంచి ఇంటికెళ్ళి నెలయింది. ఎలా ఉన్నారో అనుకుంటున్నాం. మాట్లాడాలనిపిస్తే మేమున్నాం. దీనికి జవాబు అక్కర్లేదు.

మీ క్షేమం కోరే,
కౌన్సిలరు

ప్రియమైన కౌన్సిలరమ్మకు,

జవాబు అక్కర్లేదన్నారు, బతికిపోయాననుకున్నాను. తీరా మందులకని బజారుకెళితే పక్క మంచం టైలరు కనిపించి, జేబులోంచి ఉత్తరం తీశాడు. అక్షరం పొల్లుపోకుండా నాదే. చావబోయి మీ దగ్గరికొచ్చిన ప్రతివాడికీ ఒకటే మాటా తల్లీ? నేను ఏ గోడకైనా చెమ్మ చూసుకునిగానీ సిమెంటు పుయ్యను. ఇక రాయకండి. పనికి వెళ్ళడం లేదు. మంచం మీంచి లేవడమే పెద్ద పనిగా ఉంది.

ఇట్లు,
మేస్త్రీ

ప్రియమైన మేస్త్రీగారికి,

వద్దన్నా రాస్తున్నాను, తిట్టుకోండి. ప్రతి శనివారం ముప్పై ఉత్తరాలు రాయాలి. చెయ్యి లాగేసి, పైపేరు మార్చి ఒకటే దించేశాను. తప్పే. అలిసిపోయానండీ. పోయిన నెల ఇక్కడి నుంచి వెళ్ళిన ఒకావిడ దక్కలేదు. ఆవిడకు వేళకు రాయలేకపోయాను, అది నన్ను తినేస్తోంది.

మీ ఉత్తరం చదవగానే మీకు చేశాను. మీ ఫోను ఆపేసి ఉంది. కష్టంగా ఉంటే ఎవరికి చెప్పుకోవాలో మీరు వార్డులో కాగితం మీద రాశారు కదా, అందులోని మీ తమ్ముడి నంబరుకు ఈ పొద్దున మూడుసార్లు చేశాను. ఎత్తలేదు. వస్తే మీ ఇంటికి తాళం. మెట్ల మీద కూర్చుని ఇది రాసి తలుపు కింద నుంచి తోస్తున్నాను. సూటిగా అడుగుతున్నాను: చచ్చిపోవాలని మళ్ళీ అనిపిస్తోందా? దీనికి మాత్రం జవాబు కావాలి.

మీ కోసం వెతుకుతున్న,
కౌన్సిలరు

ప్రియమైన తల్లీ,

మీరొచ్చేసరికి నేను తమ్ముడింట్లో ఉన్నాను. మీరు చేసింది వాడి నంబరుకు కాదు, నా భార్య నంబరుకు. ఆమె పోయి రెండేళ్ళు. ఆ ఫోనుకు ఇప్పటికీ రీఛార్జి చేయించి, ఛార్జింగు పెడుతున్నాను. అబద్ధమాడాలని కాదమ్మా. కష్టమొస్తే ఎవరికి చేస్తావని మీరడిగితే చేతికి ఆ నంబరొక్కటే వచ్చింది. సిగ్గేసి తమ్ముడని రాశాను.

అనిపించింది తల్లీ. ఆ పొద్దున ఇక చాలనుకున్నాను. అప్పుడే ఆ ఫోను మోగింది, రెండేళ్ళలో మొదటిసారి. ఎత్తడానికి ధైర్యం చాలలేదు. మూడోసారి మోగి ఆగాక ఆ ఇంట్లో ఒక్కణ్ణీ ఉండలేక, చెప్పులేసుకుని తమ్ముడింటికి నడిచాను. ఉన్నదంతా చెప్పేశాను. ముందు నోటికొచ్చినట్టు తిట్టాడు, తర్వాత ఏడ్చాడు. ఇప్పుడు నా దగ్గరే ఉంటున్నాడు. వాడి గురకకు నాకు కంటిమీద కునుకు లేదు.

మంగళవారం ఇద్దరం వస్తాం. ఆ కాగితం మళ్ళీ రాసుకుందాం. ఈసారి వాడి నంబరు వాడే రాస్తాడట.

మీ మేస్త్రీ