బోర్డు మీది అంకె

అక్టోబరు 14, ఉదయం

వచ్చింది. హిజ్లీ క్యాంపస్‌లో పీహెచ్‌డీ, తీరప్రాంత వరదల మీద. ప్రాజెక్టు మొత్తానికి ఫెలోషిప్ ఉన్న సీటు ఒక్కటే, అది నాకే. నా ఎంటెక్ మ్యాపు చూసే తీసుకున్నామని గంగాధరరావు సార్ ఫోన్‌లో చెప్పారు. కాంథీ వైపు ఒక సముద్రపు పల్లెలో ఏ ఇల్లు మునుగుతుంది, ఏది మునగదు అని నేను గీసిన మ్యాపు. దాన్ని నమ్మే అక్కడి బ్లాక్ ఆఫీసు ప్రైమరీ స్కూలును తుఫాను షెల్టర్ చేసింది. అమ్మ పదింటికల్లా మా పేట సుభాష్‌పల్లి అంతా చాటేసింది.

అక్టోబరు 16, మధ్యాహ్నం

జాయినింగ్ కోసం థీసిస్ ప్రింట్లు తీస్తుంటే అందులోని సర్వే ఫొటోలు నాన్న చూశాడు. నాన్న రైల్వేలో పెయింటర్‌గా రిటైరయ్యాడు. ఈ డివిజన్‌లో స్టేషన్ల పసుపు బోర్డులు సగం ఆయన చేతివే. బోర్డు అడుగున, సముద్రమట్టానికి ఎంత ఎత్తో రాసి ఉంటుంది. ఆ పల్లెలో ఎత్తు చెక్కి ఉండే సర్వే రాయి దొరక్క, స్టేషన్ బోర్డు అంకె పట్టుకునే కొలతలు మొదలుపెట్టాను. నాన్న రాసిన అంకె కదా అని రెండోసారి చూసుకోలేదు.

ఫొటోలో కొలకర్ర బోర్డు స్తంభం మొదట్లో నిలబెట్టి ఉంది. కర్ర ఇక్కడెట్టినావేటే అని నాన్న అడిగాడు. ఆ అంకె ప్లాట్‌ఫారానిదట. స్తంభాలు కట్ట దిగువున గొయ్యి తీసి పాతినాం, అదెంత కిందకుంటాదో నీకు తెల్దా అన్నాడు. అనేసి టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం 4

1.9 మీటర్లు తేడా. ఫొటోలో కర్ర మీది గుర్తులు, వెనక ప్లాట్‌ఫారం అంచు రెండూ కనిపిస్తున్నాయి. మూడుసార్లు లెక్కేశాను. నా మ్యాపులో ఊరు ఊరంతా అంత పైకి లేచి కూర్చుంది. స్కూలు కూడా.

అక్టోబరు 17

ఎవరికీ చెప్పలేదు.

అక్టోబరు 18

జాయినయ్యాక, మెల్లగా, కొత్త సర్వే పేరుతో సరిచేసేస్తే సరి. ఎవరికీ తెలియదు. ఇది రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. అన్నం సహించలేదు. అమ్మ దిష్టి తీసింది.

అక్టోబరు 19, ఉదయం 9

బంగాళాఖాతంలో వాయుగుండం. స్కూలు హెడ్‌మిస్ట్రెస్ దీదీ మెసేజ్ పెట్టింది. రేపు సాయంత్రానికి మూడొందల మంది వస్తారట, నీ మ్యాపు ఉంది కాబట్టి మాకు భయం లేదంది. నాకుంది. సార్‌కి చెప్పేద్దామని సైకిల్ మీద మలంచా దాకా వెళ్ళి, క్యాంపస్‌కి పోకుండా వెనక్కొచ్చేశాను.

అక్టోబరు 20, మధ్యాహ్నం

పొద్దున్నే నాన్నకి చెప్పాను. మరింకా ఇక్కడేటి సేస్తన్నావు, నడు అన్నాడు. తనే సార్ గది దాకా వచ్చి బయట నిలబడ్డాడు.

సార్ నన్ను తిట్టలేదు. ముందు బ్లాక్ ఆఫీసుకి ఫోన్ చేశారు. జనాన్ని హైవే పక్కన రెండంతస్తుల కాలేజీకి పంపిస్తామన్నారట. అప్పుడు ఒకే మాట అడిగారు, ఎప్పుడు తెలిసిందని. పదహారున అన్నాను. ఆయన క్యాలెండర్ వైపు చూశారు. తప్పు ఎవరైనా చేస్తారమ్మా, దిద్దుకోవచ్చు, ఈ నాలుగు రోజుల సంగతి మాత్రం సెలక్షన్ కమిటీకి రాయక తప్పదు అన్నారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఇంత భయం వేసేది కాదు.

అక్టోబరు 21

గాలి. రేపు తీరం దాటుతుందట. నా అంకె తప్పు గాదు గదా అని నాన్న రెండుసార్లు అడిగాడు. కాదు నాన్నా అన్నాను.

అక్టోబరు 23

తుఫాను ఒడిశా వైపు తిరిగిపోయింది. స్కూలు గడప కూడా తడవలేదని దీదీ ఫొటో పంపింది. సీటు లిస్టులో నా తర్వాతున్న రష్మితకి ఇచ్చారు. నోరు మూసుకుంటే ఏటయిపోయేది అని అమ్మ ఏడుస్తోంది.

దీదీ ఫొటో తెరిచిన మొదటి క్షణం, నీళ్ళు వచ్చుంటే బాగుండేది అనిపించింది. అందరికంటే ముందు ఎవరి ఇల్లు మునిగేదో తెలిసి కూడా.