మార్కస్ ఆట మానేశాడు

రూతూ,

నువ్వు పోయాక వచ్చిన మొదటి అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్ నిన్నటితో అయిపోయింది. ఇవాళ సోమవారం కదా, పక్కింటి మార్కస్ మోకాలికి ఉప్పు కాపడం పెట్టించుకోవడానికి ఎప్పటిలాగే వచ్చాడు. ఉప్పు వేయించి గుడ్డలో మూటకట్టి పెట్టాను.

"కాలుతోంది మిస్టర్ పాల్. మిస్ రూత్ అయితే ముందు తన చెంపకు ఆనించుకుని చూసేది," అన్నాడు.

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో టీమ్‌లో చేరినప్పటి నుంచీ ముందు వరుసలో నిలబడి, అవతలివాళ్లను తోసి ఆపడమే అతని పని. బంతి అతని చేతికి రావడమే అరుదు. అందరూ బంతిని చూస్తుంటే నువ్వు అతన్నే చూసేదానివి.

ఇంజెక్షన్లిచ్చి ఇంకో ఏడాది ఆడిస్తామంటున్నారట టీమ్ వాళ్లు. "ఆమె ఉంటే ఏమనేది?" అని అడిగాడు.

"ఏమీ అనేది కాదు. నువ్వు కింద పడితే లేచేదాకా కళ్లు మూసుకునేది," అన్నాను.

ఆ సంగతి అతనికి తెలియదు. మూట చల్లారేదాకా మోకాలికి అదిమి పట్టుకున్నాడు. తర్వాత మన ఫోన్‌లోనే టీమ్ వాళ్లకు ఇక ఆడనని చెప్పేశాడు.

వెళ్లేటప్పుడు కుర్చీలోంచి లేవడానికి నా చెయ్యి అడిగాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు. అంత మనిషిని నేనేం లేపగలను? అయినా రెండు చేతులూ ఇచ్చాను.